గాజులు లెక్కపెట్టిన సి.ఐ.: ఒక కేస్ స్టడీ

ఇందులోని అధికారి కల్పిత వ్యక్తి. తిరుపతిలో సైకియాట్రిస్టుగా పనిచేస్తూ పోలీసువాళ్ల దగ్గర, వాళ్ల ఇంట్లోవాళ్ల దగ్గర విన్నవన్నీ కలిపి ఒక మనిషిగా మలిచాను. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) సెక్షన్ 23 రోగి వివరాలు బయట పెట్టొద్దంటుంది. చట్టం చెప్పకపోయినా నేను చేసేది ఇదే. స్టేషన్, లాడ్జి, ఏడాది ఏవీ చెప్పను. జబ్బు నడిచిన తీరు, చికిత్సలో తీసుకున్న నిర్ణయాలు మాత్రం ఈ వృత్తిలో ఎలా ఉంటాయో అలాగే రాస్తున్నాను.

మన దగ్గర హత్యల కోసమే ఒక డిటెక్టివ్ అంటూ ఉండడు. హత్య కేసుకు సర్కిల్ ఇన్‌స్పెక్టరే దర్యాప్తు అధికారి. పొద్దున శవ పంచనామా రాయించి, మధ్యాహ్నం ఇంకో కేసులో కోర్టు వాయిదాకు పోయి, సాయంత్రం వీఐపీ దర్శనానికి వస్తే అలిపిరి దగ్గర బందోబస్తుకు నిలబడేదీ ఆయనే. ఈ సంగతి పక్కన పెడితే ఈ కేసు అర్థం కాదు.

వయసు నలభై ఏడు. సొంతూరు పలమనేరు దగ్గర పల్లె, నాన్న పాడిరైతు. డైరెక్ట్ ఎస్.ఐ.గా చేరి సి.ఐ. అయ్యారు. భార్య గవర్నమెంట్ టీచరు. ఒక్కడే కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. తోటి అధికారులు ఆయన గురించి చెప్పే మాట ఒకటే: ఓపిక. చంద్రగిరి వైపు పల్లెల్లో టీకొట్టు దగ్గర గంటలు గంటలు కూర్చుని, కేసు ఊసే ఎత్తకుండా కేసు తేల్చేసేవారట. అలాంటి మనిషి స్టేషన్‌లో అందరి ముందు ఒక కానిస్టేబుల్ మీద చెయ్యి చేసుకున్నారు. చార్జ్ మెమో వచ్చింది. తర్వాత పై అధికారితో గొడవపడి కొన్నాళ్లు పోస్టింగ్ లేకుండా వీఆర్‌లో ఉన్నారు. మళ్లీ పోస్టింగ్ దొరికేసరికి ఆయన పేరు పక్కన రెండు మాటలు స్థిరపడిపోయాయి. ఒకటి తాగుబోతు, రెండోది కోపిష్టి.

ఆసుపత్రికి వచ్చింది బ్రహ్మోత్సవాల్లో. గరుడసేవ రోజు కొండ మీద ఎంత జనం ఉంటారో తిరుపతివాళ్లకు చెప్పనక్కర్లేదు. మాడవీధుల్లో డ్యూటీలో ఉండగానే ఆయన పడిపోయారు. కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి, నాలుక కొరుక్కున్నారు. ఎండదెబ్బ అని కొందరు, బీపీ అని కొందరు అన్నారు. కిందికి తెచ్చి స్కాన్ తీస్తే తలలో ఏమీ లేదు. షుగర్, సోడియం బాగున్నాయి, లివర్ ఎంజైములు మాత్రం బాగా పెరిగి ఉన్నాయి. డ్యూటీ డాక్టరు చివరిసారి ఎప్పుడు తాగారని అడిగాక దారి దొరికింది. ముందు రోజు రాత్రి, కొండెక్కక ముందు. తిరుమలలో మందు నిషేధం. రోజూ బాగా తాగే మనిషికి అది ఒక్కసారిగా ఆగిపోతే 6 నుంచి 48 గంటల లోపల ఫిట్స్ రావచ్చు. ఆయనకు సరిగ్గా ఆ గంటల్లోనే వచ్చింది.

ఫిట్స్ తగ్గాయని అక్కడితో ఊరుకోకూడదు. 48 గంటలు దాటాక డెలీరియం (మతి తప్పడం) వచ్చే ప్రమాదం ఉంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. దాన్ని ఆపడానికి లోరాజెపామ్ మొదలుపెట్టాం. గ్లూకోజ్ ఎక్కించేలోపే థయమిన్ (విటమిన్ బి1) ఇచ్చాం. అయినా మూడో రోజు రాత్రి ఆయనకు మతి తప్పింది. నైట్ డ్యూటీ సిస్టర్ నోట్స్‌లో రాసింది: ‘రోగి నా చెయ్యి పట్టుకుని గాజులు లెక్కపెడుతున్నారు. రాసుకో, రాసుకో అంటున్నారు.’

ఈ దశలో మనిషి తన వృత్తి పనే చేస్తూ ఉండటం వైద్యంలో తెలిసిందే. దీన్ని ఆక్యుపేషనల్ డెలీరియం అంటారు. టైలరు లేని బట్టను కుడుతుంటాడు, డ్రైవరు లేని స్టీరింగ్ తిప్పుతుంటాడు. సి.ఐ. గారు పంచనామా రాయిస్తున్నారు. అందులో వింతేమీ లేదు. కానీ గాజుల దగ్గరే ఆగిపోవడం, లెక్క పూర్తికాక మళ్లీ మొదలుపెట్టడం నాకు అప్పుడే పట్టింది. తెలివొచ్చాక అడిగితే గుర్తు లేదన్నారు.

‘నాకేం లేదు మేడమ్. మందు మానేస్తా. సర్టిఫికెట్ ఇస్తే డ్యూటీలో చేరతా.’

డిశ్చార్జ్ చేసి, మందులిచ్చి, మందు మానిపించి పంపేస్తే అక్కడికి కేసు అయిపోయేది. చాలాచోట్ల అలాగే అయిపోతుంది కూడా. పోలీసువాళ్ల విషయంలో మనకు కనబడేది తాగుడు, శాఖకు కనబడేది కోపం. తాగుడికి మందులు దొరుకుతాయి, కోపానికి మెమో దొరుకుతుంది. ఆ రెంటికీ అడుగున ఏముందో అడిగే పని ఎవరి వాటాకూ రాదు. ఈ కేసు రాయడానికి నా కారణం ఇదే.

దారి చూపింది ఆయన భార్య.

‘తాగేది నాకు మొదట్నుంచీ తెలుసు మేడమ్. నా భయం దాని గురించి కాదు. ఇంట్లో మాట్లాడేది మానేసినారు. మాట్లాడితే మా అబ్బోణ్ణి విచారణ చేస్తా ఉంటారు. యాడికి పోయినావు, ఎవరితో పోయినావు, ఎన్ని గంటలకు, వాళ్ల నాయన ఏం చేస్తాడు. మావాడు అన్నం పళ్లెం తీసుకుని గదిలోకి పోయి తలుపేసుకుంటాడు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు లేచి చూస్తే హాల్లో పిస్టల్ విప్పి తుడుస్తా కూర్చున్నారు. ఏం చేస్తా ఉండారు అంటే పలకలేదు. వంటింట్లోకి పోయి 14416కి ఫోన్ చేసినా.’

14416 టెలీ మానస్ నంబరు. 2022 అక్టోబర్‌లో మొదలైంది, తెలుగులోనూ మాట్లాడతారు. అవతల మాట్లాడినవాళ్లు ఆవిడతో చాలాసేపు లైన్లో ఉండి, పిస్టల్ పక్కన పెట్టించమని, డాక్టరుకు చూపించమని చెప్పారట. చూపించే వీలు మాత్రం ఫిట్స్ వచ్చేదాకా ఆవిడకు దొరకలేదు. నా దగ్గర్నుంచి వెళ్లేముందు ఆవిడ ఇంకో మాట చెప్పారు. ఇంట్లో ఇనుప పెట్టెలో ఒక కేసు ఫైలు జిరాక్సు ఉందని, తాగినప్పుడల్లా దాన్ని తీసి చూస్తారని.

ఆ ఫైలు సంగతి బయటికి రావడానికి వారాలు పట్టింది. ఇక్కడ వరసలో పెట్టి చెబుతున్నాను.

బస్టాండు దగ్గర ఒక లాడ్జి. దర్శనానికొచ్చిన దంపతులమని చెప్పి ఇద్దరు గది తీసుకున్నారు. మర్నాడు మగమనిషి లేడు, ఆమె శవమై ఉంది. ఇచ్చిన ఆధార్ జిరాక్సు వేరే ఎవరిదో. తిరుపతిలో దర్యాప్తు అధికారికి ఇదే పెద్ద కష్టం. చచ్చిపోయింది ఈ ఊరి మనిషి కాదు, చంపింది ఈ ఊరి మనిషి కాదు, ఆ ఇద్దర్నీ చూసినవాళ్లు పొద్దున రైలెక్కి వెళ్లిపోయారు. పంచనామా అయింది, పోస్టుమార్టం అయింది. లాడ్జి సీసీ కెమెరాల డీవీఆర్ (రికార్డింగు పెట్టె) స్వాధీనం చేసుకొమ్మని ఒక కానిస్టేబుల్‌కు పురమాయించి సి.ఐ. గారు బ్రహ్మోత్సవాల బందోబస్తుకు కొండెక్కారు. మరుసటి రోజు ఆ కానిస్టేబుల్‌కూ బందోబస్తు పడింది. అందరూ దిగొచ్చి చూసేసరికి పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కేసింది. డీవీఆర్ డిస్కు నిండితే దాని పద్ధతే అంత. మార్చురీలో ఎవరూ అడగని శవాన్ని మున్సిపాలిటీవాళ్లు పూడ్చిపెట్టారు. కేసు తేలలేదని మూసేశారు.

ఏడాది దాటాక శ్రీకాకుళం వైపు నుంచి ఒక తల్లి వచ్చింది. చేతిలో కూతురి ఫోటో. ఫోటో కలిసింది, చీర కలిసింది. ఆమె ఏడవలేదట. ఒకటే అడిగింది:

‘మా పిల్ల చేతులకి గాజులున్నాయేటి బాబూ? ఒట్టి చేతుల్తో ఒక్క పూట ఉండదు.’

ఆయనకు గుర్తు లేదు. ఫైలు తీశారు. తను రాయించిన పంచనామాలోనే ఉంది, ఎడమ చేతికి ఆరు, కుడి చేతికి ఐదు ఎర్ర మట్టి గాజులు, ఒకటి పగిలి మంచం మీద పడి ఉంది అని. చదివి వినిపించారు. ‘ఆరేసి వేస్తాది’ అంది ఆమె. తర్వాత శ్మశానానికి తీసుకెళ్లారు, రిజిస్టర్ నంబరు పట్టుకుని ఒక మట్టిదిబ్బ చూపించారు.

‘నేనే లెక్కపెట్టినా మేడమ్. సంతకం నాదే. ఆ చేతులు నాకు గుర్తు లేవు.’ ఆ రోజు నుంచే మధ్యాహ్నం కూడా తాగడం మొదలైంది. అంతకుముందు రాత్రిపూట మాత్రమే.

రోగనిర్ధారణ దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే ఇలాంటివాళ్ల దగ్గర స్కేళ్లు (జబ్బును మార్కుల్లో కొలిచే ప్రశ్నపత్రాలు) మోసం చేస్తాయి. ఆల్కహాల్‌కు వాడే ఆడిట్ అనే స్కేలులో 40కి 20 గానీ ఆపైన గానీ వస్తే డిపెండెన్స్ (తాగుడుకు బానిస కావడం) అనుమానించాలి. ఆయన దానికి చాలా పైన ఉన్నారు, అందులో సందేహం లేదు. భయంకరమైన అనుభవం తర్వాత మనిషిని వెంటాడే జబ్బు పీటీఎస్‌డీ. దానికి వాడే పీసీఎల్-5లో 20 ప్రశ్నలు, 80 మార్కులు. 31 నుంచి 33 మధ్య ఎక్కడో గీత గీస్తారు. మొదటిసారి ఆయన స్కోరు ఆ గీతకు కిందే ఉంది. ఎందుకో ఆయన జవాబులు చెప్పే తీరులోనే తెలిసింది. ప్రతి ప్రశ్నకూ కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌కు జవాబిచ్చినట్టు, అడిగినంతవరకే, ఒప్పుకోక తప్పనిదే ఒప్పుకున్నారు. కొన్నాళ్లకు నమ్మకం కుదిరాక అదే ఫారం నింపితే స్కోరు గీతను దాటిపోయింది. జబ్బు పెరిగి కాదు, దాచడం తగ్గి.

శవాలు చూడటం పోలీసు పనిలో భాగం కదా, దానికి పీటీఎస్‌డీ ఏమిటి అని జూనియర్లు అడుగుతుంటారు. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం వేసే జబ్బుల పుస్తకం) ఆ సందేహం తీర్చింది. ఉద్యోగరీత్యా ఇలాంటి భయంకర వివరాలకు పదే పదే గురికావడం కూడా ట్రామా (మనసును గాయపరిచే అనుభవం) కిందికే వస్తుందని, పోలీసుల ఉదాహరణే ఇచ్చి చెప్పింది. అయితే సి.ఐ. గారిలో భయం తక్కువ, సిగ్గు ఎక్కువ. కలలో శవం రాదు. ఆ తల్లి అడుగుతూ ఉంటుంది, తన నోరు మాత్రం పంచనామా చదువుతూ ఉంటుంది. చేయవలసింది చేయలేదన్న ఈ బాధను మోరల్ ఇంజరీ అంటారు. వియత్నాం యుద్ధ సైనికులతో పనిచేసిన జోనథన్ షే 1990లలో దీని గురించి రాశారు. డీఎస్ఎంలో గానీ ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ఐసీడీ-11లో గానీ అది విడి జబ్బు కాదు. నా ఫైల్లో ఆల్కహాల్ డిపెండెన్స్, పీటీఎస్‌డీ అని రాశాను. మోరల్ ఇంజరీ అన్నది చికిత్స ఎటు నడవాలో చెప్పే గుర్తుగా మార్జిన్‌లో రాసుకున్నాను.

మొదట పిస్టల్ సంగతి తేలాలి. చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని తిన్నగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ‘రెండుసార్లు’ అన్నారు. మెడికల్ లీవులో ఉన్నన్నాళ్లూ పిస్టల్ స్టేషన్‌లో జమ చేయాలని, అది శిక్షలా కాకుండా ఆయనే స్వయంగా చేయాలని మాట తీసుకున్నాను. చేశారు. లీవు సర్టిఫికెట్‌లో ఏం రాయాలో కూడా ఆయన ముందే రాశాను: చికిత్స అవసరం, విశ్రాంతి అవసరం, ఇన్ని వారాలు. జబ్బు పేరు ఎంతవరకు చెప్పాలన్నది ఆయన ఇష్టానికే వదిలాను.

మందులు తొందరగా చెప్పేస్తాను. పీటీఎస్‌డీకి సెర్ట్రాలిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టి పెంచాను. లివర్ కుదుటపడ్డాక తాగాలనే యావ తగ్గడానికి నాల్ట్రెక్సోన్. మెడికల్ షాపులో తనే కొనుక్కుని వేసుకుంటున్న ఆల్ప్రజోలామ్ అనే మత్తుమాత్రను నెమ్మదిగా ఆపించాను. పీడకలలకు ప్రజోసిన్ ఇవ్వొచ్చుగా అని ఒక మిత్రుడు అడిగాడు. 2018లో అమెరికా మాజీ సైనికులు 300 మందికి పైగా పాల్గొన్న ట్రయల్‌లో అది ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) కంటే మెరుగ్గా పనిచేయలేదు. పైగా అది బీపీని తగ్గిస్తుంది, ఆయన బీపీ అసలే తక్కువ. ఇవ్వలేదు.

అసలు పని మాటలతోనే. పీటీఎస్‌డీలో ఎడ్నా ఫోవా రూపొందించిన ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్‌కు మంచి ఆధారాలున్నాయి. జరిగినదాన్ని కళ్లు మూసుకుని, ఇప్పుడే జరుగుతున్నట్టు, మళ్లీ మళ్లీ చెప్పాలి. చాలామంది మొదటి వాక్యం దగ్గరే ఏడుస్తారు. సి.ఐ. గారు చెప్పింది ఇది:

‘సదరు గది తలుపు తెరిచి చూడగా, మంచముపై గుర్తు తెలియని స్త్రీ శవము, సుమారు 25 సంవత్సరముల వయసు, తల తూర్పునకు, కాళ్లు పడమరకు, వెల్లకిలా పడియున్నది.’

గొంతు వణకలేదు. చెమట లేదు. ఎన్నిసార్లు చెప్పించినా ఒక్క అక్షరం మారలేదు. ఎక్స్‌పోజర్ పనిచేయాలంటే మనిషి ఆ గదిలో ఉండాలి. ఆయన ఆ గదిలో లేరు. తలుపు ఎవరు తెరిచారో ఆ వాక్యంలో లేదు. పాతికేళ్ల ఉద్యోగం ఆయనకు నేర్పింది అదే, చూసింది రాయడం, చూసినవాణ్ణి రాయకపోవడం. దర్యాప్తుకు అది అవసరం, కోర్టులో నిలబడేది అలాంటి రాతే. మర్నాడు మళ్లీ ఇంకో గదిలోకి వెళ్లగలగడానికీ అదే ఆసరా. అందుకని దాన్ని తప్పుపట్టలేదు. ఆ జిరాక్సు తెమ్మన్నాను. పేజీ ఎడమవైపు పంచనామా ఉండనిచ్చి, కుడివైపు తెల్లకాగితం పెట్టాను. ప్రతి వాక్యానికీ ఎదురుగా ‘నేను’తో మొదలయ్యే ఒక్క వాక్యం రాయమన్నాను. తలుపు తెరిచి చూడగా అన్నచోట నేను తలుపు తీసినాను అని.

మొదటి వారం రెండు వాక్యాలు రాసుకొచ్చారు. తర్వాతి వారం రాలేదు. ఆ వారం తాగారని భార్య ఫోన్ చేసి చెప్పారు. మళ్లీ వచ్చారు. వచ్చినందుకు మెచ్చుకున్నాను, తాగిన సంగతి దాచకుండా మాట్లాడుకున్నాం, మళ్లీ కాగితం తీశాం. ఇంకొన్ని వారాలకు ఒక రోజు, కళ్లు మూసుకుని:

‘నేను తలుపు తీసినాను. ఫ్యాన్ తిరుగుతా ఉంది. టేబుల్ మీద లడ్డూ కవరు. సగం తిన్న లడ్డూ. చీమలు పట్టినాయి.’ ఆగారు. ‘నాకు ఆకలేసింది మేడమ్. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఆ పిల్ల అట్లా పడుంటే, ఆ లడ్డూ చూసి నాకు ఆకలేసింది.’

అంతసేపూ కదలని మనిషి ఒళ్లంతా వణికిపోయారు. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పనిది ఇదే. తనలో మానవత్వం లేదనడానికి ఆ ఆకలే సాక్ష్యమని ఆయన నమ్మారు. తిండి లేక, నిద్ర లేక ఉన్న శరీరం శవం ముందయినా ఆకలంటుంది, అది శరీరం పని అని చెప్పాను. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. ఆ వారం పీడకలలు పెరిగాయి. అది ముందే చెప్పి ఉంచాను కాబట్టి భయపడలేదు. తర్వాత తగ్గుతూ వచ్చాయి.

డీవీఆర్ సంగతి వేరు. ‘మీ తప్పేం లేదు సార్’ అని ఆయనకు అప్పటికే అందరూ చెప్పారు. అబద్ధాలు పట్టుకోవడమే పనిగా బతికిన మనిషి ఆ ఓదార్పును నమ్మరు. ఎందుకంటే కొంత తప్పు నిజంగానే ఉంది, కొండెక్కే ముందు డీవీఆర్ తన ముందే సీజ్ చేయించి ఉండాల్సింది. ఆ వాటాను తుడిచేస్తే చికిత్స మీదే నమ్మకం పోతుంది. జరిగినదానికి బాధ్యులందరి పేర్లూ రాసి, ఎవరి వాటా ఎంతో వేయమన్నాను. తను, కానిస్టేబుల్, ఆధార్ సరిచూడని లాడ్జి మేనేజరు, సిబ్బందినంతా బందోబస్తుకు మళ్లించిన నిర్ణయం. కాగితం నాకిచ్చారు. చదివి, ఇంకెవరైనా మిగిలారా అని అడిగాను. ఆలోచించి లేరన్నారు. మళ్లీ అడిగాను. చాలాసేపటికి కాగితం వెనక్కి తీసుకుని అన్నిటికంటే పైన రాశారు: చంపినవాడు.

ఏళ్లపాటు ఆ లెక్కలో హంతకుడే లేడు. దొరకనివాడి వాటాను కూడా తన మీదే వేసుకున్నారు. కొత్తగా వేసిన వాటాల్లోనూ ఆయనది సున్నా కాలేదు, కాకూడదు కూడా. ఆ మిగిలిన కొంచెంతో ఏం చేయాలన్నది ఆయనే తేల్చుకున్నారు. తల్లి వాంగ్మూలం, కూతురి ఫోన్ నంబరు, ఆమె ఊళ్లో తెలిసిన వివరాలన్నీ వరసలో పెట్టి, మూసేసిన కేసు మళ్లీ తెరవమని పై అధికారికి నోట్ పెట్టారు. కేసు తెరిచారు. ఇప్పుడు అది ఇంకొకరి చేతిలో ఉంది. ఆయన చేతికే ఇమ్మని అడుగుతానంటే నేనే వద్దన్నాను.

ఆయనతో పనిచేసిన ఒక అధికారి నన్ను స్టాఫ్ అందరికీ ఒక రోజు క్లాసు చెప్పమన్నారు, హత్య జరిగిన ప్రతిసారీ అందర్నీ కూర్చోబెట్టి ఒకసారి మాట్లాడించేస్తే పోతుంది కదా అని. ఆ ఒక్కసారి డీబ్రీఫింగ్ పీటీఎస్‌డీని ఆపదు, బ్రిటన్‌లో ఏ చికిత్స వాడాలో చెప్పే నైస్ అనే సంస్థ మార్గదర్శకాలు దాన్ని వద్దనే చెబుతాయి. దాని బదులు, గుర్తు తెలియని శవం కేసు చూసిన ఐఓకు (దర్యాప్తు అధికారికి) కనీసం ఆ వారమైనా బందోబస్తు వేయకండి అన్నాను. నవ్వి, ‘బ్రహ్మోత్సవాలప్పుడా మేడమ్?’ అన్నారు. నేను ఆ మాట మీదే ఉన్నాను. అది ఐఓ ఆరోగ్యానికీ మంచిది, కేసుకూ మంచిది.

ఇంట్లో మార్పు నెమ్మది. కొడుకును ప్రశ్నలు అడగకుండా పావుగంట పక్కన కూర్చోవడమే మొదటి హోంవర్క్. ఆ పావుగంట ఆయనకు చాలా కష్టమైంది. ఇప్పుడు ఇద్దరూ కలిసి క్రికెట్ చూస్తున్నారట. అబ్బాయి అన్నం మాత్రం ఇంకా గదిలోనే తింటున్నాడు. మందు ముట్టకుండా నెలలు గడుస్తున్నాయి. పీసీఎల్-5 స్కోరు గీతకు కిందికి వచ్చింది, ఈసారి దాచడం వల్ల కాదని నమ్ముతున్నాను. ఆ గది గురించి ఎంత చెప్పినా గాజులు మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. రావని కూడా చెప్పాను. మనసు ఆ క్షణంలో దాచుకోనిదాన్ని తర్వాత ఎవరూ తవ్వి తీయలేరు.

తిరిగి డ్యూటీలో చేరడానికి, పిస్టల్ మళ్లీ తీసుకోవడానికి ఫిట్‌నెస్ ఇమ్మని అడిగారు. చికిత్స చేస్తున్న డాక్టరే ఆ తీర్పు ఇవ్వకూడదు. ఇస్తే రేపు ఆయన నాకు నిజం చెప్పడం మానేస్తారు. మెడికల్ బోర్డుకు రాశాను. నా నోట్‌లో ఉన్నవి ఇవి: ముందు ఆయుధం లేని డ్యూటీ ఇవ్వవచ్చు, ఆరు నెలలు నెలకోసారి సమీక్ష, లివర్ పరీక్షలు, వరసగా రాత్రి డ్యూటీలు వద్దు. పిస్టల్ విషయం ఆ ఆరు నెలలయ్యాక బోర్డు చూస్తుంది.